ఇరవై తీసేసే అలవాటు

మాయాబందర్ ఆసుపత్రిలో చేరిన రోజే నాకు నేర్పిన మొదటి పాఠం ఏ నర్సింగ్ పుస్తకంలోనూ లేదు. ప్రసూతి వార్డుకి బీపీ చూసే మిషన్ ఒకటే ఉండేది. చేతికి చుట్టే పట్టీ, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, గడియారంలాంటి గుండ్రటి డయల్, అందులో సన్నటి ముల్లు. గాలి లేనప్పుడు ఆ ముల్లు సున్నా మీద నిలబడాలి. మాది ఇరవై మీద నిలబడేది. ఉప్పుగాలికి లోపల ఏం తుప్పు పట్టిందో ఎవరికీ తెలీదు. అందుకని డయల్ ఎంత చూపిస్తే అందులోంచి ఇరవై తీసేసి రాయాలి. నూట నలభై కనిపిస్తే నూట ఇరవై, తొంభై కనిపిస్తే డెబ్భై. "బీస్ నికాల్ దో, బస్" అని చెప్పింది పాత సిస్టర్ ఒకావిడ, బియ్యంలో రాయి ఏరి పారేయమన్నంత తేలిగ్గా.

నాకు ఒళ్ళు మండింది. మా నాన్న తాపీ మేస్త్రీ. స్వాతంత్ర్యం వచ్చాక ఈ దీవులకి మనుషుల్ని ఓడల్లో తెచ్చి దింపుతున్న రోజుల్లో గోదావరి జిల్లా నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, ఫెరార్గంజ్‌లో రోడ్డు పనుల్లో చేరి, అక్కడే ఉండిపోయాడు. రసమట్టం ఒక్క వెంట్రుకవాసి తేడా చూపిస్తే దాన్ని విసిరి పారేసి, కొత్తది వచ్చేదాకా ఇటుక ముట్టేవాడు కాదు. ఆయన కూతురిని నేను తప్పుడు కొలత పట్టుకుని తీసివేతలు చేసుకుంటూ బతకాలా? రిపేరుకి పంపమని ఆఫీసుకి రాశాను. మళ్ళీ రాశాను. నన్ను చూసి అంతా నవ్వారు. చివరికి నేనూ ఇరవై తీసేయడం మొదలుపెట్టాను. అలవాటు ఎంత త్వరగా పడుతుందో చెప్తే నమ్మరు. కొన్నాళ్ళకి డయల్ మీద నూట ముప్ఫై చూస్తే నా కంటికి నూట పదే కనిపించేది.

నా గోల పడలేక ఒకసారి నిజంగానే ఆ మిషన్‌ని డబ్బాలో పెట్టి ఓడెక్కించి పోర్ట్ బ్లెయిర్ పంపారు. అది లేనన్నాళ్ళు డాక్టరుగారి సొంత మిషన్ అడిగి తెచ్చుకునేవాళ్ళం. నెలల తర్వాత మాది తిరిగొచ్చింది. అదే డబ్బా, అదే గీతలు పడ్డ అద్దం, గొట్టానికి దారంతో కట్టిన చీటీ. చీటీ మీద రిపేర్ అయిందని రాసి ఉంది. మేం పగలబడి నవ్వుకున్నాం. ఎందుకంటే ఈ దీవుల్లో రిపేరుకి వెళ్ళిన ఏ వస్తువూ బాగై రాదు. ఫ్యాను వెళ్ళింది, వచ్చింది, తిరగలేదు. పసిపిల్లల్ని తూచే త్రాసు వెళ్ళింది, వచ్చింది, ఒక తట్ట తక్కువగా వచ్చింది. అన్నిటికీ అలాంటి చీటీయే. అందుకని మిషన్‌ని యథాప్రకారం మేకుకి తగిలించాం. ఇరవై తీసేయడం యథాప్రకారం సాగింది.

ముల్లు ఎక్కడ నిలబడిందో చూడలేదా అని మీరు అడగొచ్చు. తర్వాత ట్యూటర్ సిస్టరూ అదే అడిగింది. ముల్లు పైకెక్కి దిగుతున్నప్పుడే కదా మాకు దానితో పని. చప్పుడు ఆగగానే గాలి వదిలేసి, పట్టీ విప్పేసి, అంకె చెప్పేస్తాం. కిందకి దిగిపోయిన ముల్లు వైపు ఎవరు చూస్తారు? పైగా వానాకాలంలో మా రేకుల కప్పు మీద పడే మోతకి చెవిలో గొట్టాలు పెట్టుకున్నా చప్పుడు వినబడేది కాదు. వాన కాస్త తెరిపి ఇస్తే చాలు, ఆ సందులోనే అందరికీ చూసేయాలని పరుగులు పెట్టేవాళ్ళం.

ఇక మా చిన్న సిస్టర్ గురించి చెప్పాలి. అందరిలోకీ వయసులో చిన్నది కాబట్టి అలా పిలిచేవాళ్ళం. వాళ్ళది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన చేపల వేట కుటుంబం. వాళ్ళ వీధిలో తెల్ల యూనిఫాం వేసుకున్న మొదటి ఆడపిల్ల. పెళ్ళయిన ఇన్నేళ్ళకి కడుపు నిలిచింది. ఆ కడుపు కోసం వాళ్ళమ్మ మొక్కని దేవుడు లేడు. మా ప్రార్థన కూటానికి కూడా వచ్చి వెనక బల్ల మీద కూర్చుని, తెలుగు పాటలకి చప్పట్లు కొట్టి వెళ్ళింది. బిడ్డ పుడితే చాలు, ఎవరి దేవుడైనా ఫరవాలేదు ఆవిడకి.

చిన్న సిస్టర్ పెద్ద నటి. డాక్టరుగారు కళ్ళజోడు వెతుక్కోవడం, స్టోర్ కీపర్ లేదని చెప్పేముందు గొంతు సవరించుకోవడం, నేను కోపం వస్తే నడుం మీద చేతులు పెట్టుకోవడం, అన్నీ అచ్చుగుద్దినట్టు చేసి చూపేది. చేస్తూ చేస్తూ ఓరకంట మా వైపు చూసేది, నవ్వుతున్నామా లేదా అని. ఆ ఓరచూపు లేకుండా ఆమె ఏ వేషమూ వేయగా నేను చూడలేదు. దాన్ని చూసే మాకు సగం నవ్వు వచ్చేది.

ఆమెకి ఏడో నెల నిండినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి ట్యూటర్ సిస్టర్ వచ్చింది. నర్సులు చదివింది మరిచిపోతున్నారని పైవాళ్ళకి అనుమానం వచ్చినట్టుంది. అన్ని ఆసుపత్రులూ తిరిగి ముఖ్యమైనవన్నీ మళ్ళీ చెప్పించి, చేయించి, చూసి వెళ్ళాలట. మలయాళీ మనిషి, పొట్టిగా ఉంటుంది, హిందీలోనే పాఠం. నాకు మొదట ఆవిడంటే కిట్టలేదు. నాడి ఎలా చూడాలో నాకు మళ్ళీ నేర్పుతుందా అని. వచ్చిన రోజే నన్ను లేపి, ఊపిరి లెక్కపెట్టేటప్పుడు రోగికి ఆ సంగతి తెలియకూడదు, ఎందుకని అడిగింది. చెప్పాను. "కానీ నువ్వు రోగి ముఖంలోకే చూస్తూ లెక్కపెడుతున్నావు, పొద్దున చూశాను" అంది.

క్లాసు ప్రసూతి వార్డు చివర, ఖాళీ మంచం దగ్గర. మధ్యాహ్నం పనులయ్యాక కూర్చునేవాళ్ళం. చేసి చూపడానికి ఎవరో ఒకరు రోగిగా పడుకోవాలి. అందరం ఏకగ్రీవంగా చిన్న సిస్టర్‌ని పడుకోబెట్టాం. పాపం, డ్యూటీలో నిలబడి నిలబడి ఆమె పాదాలు వాచిపోతున్నాయి. ఈ వంకనైనా కాసేపు నడుం వాలుస్తుందని మా ఉద్దేశం. ఆమె కూడా సంబరపడింది. "దీదీ, ఈ మంచం నాకు పర్మినెంటుగా అలాటైపోనాది. ఇంక ఎవులొచ్చినా ఖాళీ సెయ్యను" అని దిండు సర్దుకుంది.

అలా రోజూ మేమంతా వంతులవారీగా ఆమె నాడి చూశాం, ఊపిరి లెక్కపెట్టాం, బీపీ చూశాం. రోజూ అంకె చెప్పాం. ట్యూటర్ సిస్టర్ రోజూ తల ఊపింది. ఆవిడకి మా ఇరవై సంగతి తెలీదు. మాకు అది చెప్పాల్సిన సంగతని తోచలేదు.

చిన్న సిస్టర్ మాత్రం రోజురోజుకీ మారుతోంది. పాదాల వాపు చీలమండ దాటింది. కాలి మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయి చుట్టూ కండ ఉబ్బింది. ముత్తయిదువ మెట్టెలు తీయకూడదని వాళ్ళమ్మ కొబ్బరినూనె రాసి కాస్త కాస్త వదులు చేసేది. పొద్దున్నే కనురెప్పలు బరువుగా ఉండేవి. మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు నేను ఆ ముఖం వాపు గురించి అంటే వాళ్ళమ్మ తేలిగ్గా తీసేసింది. "ఆడగుంటైతే తల్లి మొకానికి నీరు పడతాదమ్మా. నాకూ ఇలాగే ఉండీది, దీని కడుపుతో. నువ్వేటీ బెంగెట్టుకోకు" అంది. బీపీ బాగానే ఉంది కదా అని నేనూ సరిపెట్టుకున్నాను. రోజూ చూస్తున్నాం, ఇంతమందిమి చూస్తున్నాం.

వాయుగుండం వచ్చిన రోజు నాకు పొద్దుటి నుంచే మనసు బాగాలేదు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. జెట్టీ మీద హెచ్చరిక జెండా ఎగరేశారు, బోట్లన్నీ ఆపేశారు. చిన్న సిస్టర్ మొగుడు వేటకెళ్ళి ఏ దీవి చాటున లంగరేశాడో తెలీదు. ట్యూటర్ సిస్టర్ సాయంత్రం బోటుకి వెళ్ళిపోవాలి, అదీ ఆగిపోయింది. ఇంకో క్లాసు దొరికిందని ఆవిడ సంతోషించింది. సముద్రం రంగు మారిపోయి, పాత్రలు కడిగిన నీళ్ళలా ఉంది. నాకెందుకో ఆ పూట క్లాసు వద్దనిపించింది.

ఆ రోజు పాఠం గర్భిణికి వచ్చే ఫిట్స్. ఫిట్ హఠాత్తుగా రాదు, ముందు చెప్పే వస్తుంది, చెప్పినప్పుడు వినే మనిషి ఉండాలి అని మొదలుపెట్టింది ట్యూటర్ సిస్టర్. తలనొప్పి అని బోర్డు మీద రాసింది. కళ్ళ ముందు మెరుపులు అని రాసింది. రాసి, సుద్దముక్క పట్టుకునే మంచం వైపు తిరిగింది. "పేషెంట్, నువ్వు చెప్పు. నీకేం బాధ?"

చిన్న సిస్టర్ రెండు చేతులతో తల పట్టుకుంది. "సిస్టర్ జీ, సర్ ఫటా జా రహా హై" అని, తల పగిలిపోతోందని మూలిగింది. అందరం గొల్లున నవ్వాం. కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నాయంది. మళ్ళీ నవ్వాం. ఇంత బాగా నేర్చుకున్న రోగిని ఎక్కడా చూడలేదంది ట్యూటర్ సిస్టర్. అప్పుడు ఆమె చెయ్యి తల మీంచి కుడిపక్క డొక్క కిందకి జారింది. అక్కడ ఎవరో పట్టుకుని పిండుతున్నట్టుందని చెప్పింది.

నేను నవ్వడం ఆపేశాను. ఆ నొప్పి ఇంకా బోర్డు మీదికి రాలేదు. ట్యూటర్ సిస్టర్ ఇంకా చెప్పలేదు. నేను చదువుకున్నాను కాబట్టి నాకు గుర్తుంది, కాలేజీలో ఎర్రసిరాతో గీత గీయించారు దాని కింద. చిన్న సిస్టరూ చదివే ఉంటుంది, గుర్తుండే చెప్పిందేమో అనుకుని ఆమె ముఖం చూశాను. ఓరచూపు లేదు. మేం నవ్వుతున్నామో లేదో ఆమెకి పట్టలేదు. రేకుల కప్పు వైపే చూస్తోంది.

"ఇక చాల్లే, వేషాలాపి నిజం చెప్పు" అన్నాను తెలుగులో.

"వేసం ఎప్పుడో మానీసినాను దీదీ" అంది.

ఒక సిస్టర్ పరుగున వచ్చి పట్టీ చుట్టింది. అప్పటికి వాన ఇంకా మొదలవలేదు, గదిలో రబ్బరు బుడ్డి నొక్కిన చప్పుడే వినబడుతోంది. గాలి వదిలి, మనసులో లెక్కేసుకుని, నూట నలభై, తొంభై అంది. కొంచెం ఎక్కువే, కంగారు లేదు అని కూడా అంది. ట్యూటర్ సిస్టర్ ఆమెని పక్కకి జరిపి తనే చూసింది. గాలి కొట్టి మళ్ళీ చూసింది.

"నూట అరవై, నూట పది. నువ్వు నూట నలభై ఎలా అన్నావు?"

"బీస్ నికాల్ కే, సిస్టర్."

"కౌన్ సా బీస్?"

చెప్పాం. ముగ్గురం ఒకేసారి చెప్పాం, పాత ముల్లు గురించి, ఇరవై గురించి, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. ఆవిడ వింటూనే గాలి మొత్తం వదిలేసి, డయల్‌ని మా వైపు తిప్పి పట్టుకుంది. ముల్లు సున్నా మీద ఉంది. నిటారుగా, కచ్చితంగా సున్నా మీద ఉంది. గొట్టానికి కట్టిన చీటీ ఇంకా వేలాడుతోంది. ఈ దీవులకి నాకు తెలిసినంతలో నిజంగా బాగై తిరిగొచ్చిన వస్తువు అదొక్కటే. దాన్ని మేం నమ్మలేదు.

"నిన్న ఎంత చూశావు? తీయకముందు ఎంత?" అని ఒక్కొక్కరినీ అడిగింది ఆవిడ. ఒక్కొక్కరమే చెప్పాం. మొన్నటిది, నిన్నటిది, ఇవాళ్టిది. మెట్లెక్కినట్టు ఎక్కుతూ వచ్చింది. ఇంతమందిమి రోజూ ఆమె చెయ్యి పట్టుకుని చూస్తూనే ఉన్నాం. చిన్న సిస్టర్ పడుకుని అంతా వింటోంది. ఆమె కూడా నర్సే. ఆ అంకెల అర్థం ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

స్పిరిట్ దీపం మీద ఆమె మూత్రం కాచి చూశాం. గుడ్డులో తెల్లసొన ఉడికినట్టు గాజు గొట్టం నిండా తెల్లగా పేరుకుంది. డాక్టరుగారు వచ్చారు, చూశారు. ఆపరేషన్ చేసి బిడ్డని తీసే వసతి మా దగ్గర లేదు. పోర్ట్ బ్లెయిర్ చేర్చాలి, సముద్రం మీద తప్ప వేరే దారి లేదు, జెండా దిగితే గాని బోటు కదలదు. ఈలోగా ఫిట్ రాకుండా మెగ్నీషియం ఇంజక్షన్లు ఇవ్వమన్నారు. నేను మందు సిరంజిలోకి లాగుతూ ఉన్నాను.

అప్పుడే ఆమె మూతి ఒక పక్కకి లాగింది. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. అచ్చం స్టోర్ కీపర్ ముఖంలా పెట్టింది. మా పక్కనున్న సిస్టర్ ఒకామె నవ్వబోయింది కూడా. ఆ నవ్వు సగంలో ఉండగానే చిన్న సిస్టర్ ఒళ్ళంతా కొయ్యబారింది. నేను ఆ రోజు దేవుణ్ణి తిట్టాను. ప్రార్థనల ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, నోరారా తిట్టాను.

పక్కకి తిప్పండి, నోట్లో ఏదీ కుక్కొద్దు, నాలుక వెనక్కి పోకుండా చూడండి, పడిపోకుండా పట్టుకోండి, అణచకండి. ట్యూటర్ సిస్టర్ గొంతు క్లాసులో ఎలా ఉందో అలాగే ఉంది. మా చేతులు ఆ గొంతు వెంట నడిచాయి. ఆ గొంతే లేకపోతే ఆ పూట మేం ఏం చేసి ఉండేవాళ్ళమో నాకు తెలీదు. ఫిట్ తగ్గాక ఇంజక్షన్ ఇచ్చాను. రాత్రంతా వాన కొట్టింది. తెల్లవారేసరికి జెండా దించారు.

బోటులో బెంచీ మీద పరుపు వేసి పడుకోబెట్టాం. నేను, ట్యూటర్ సిస్టర్, వాళ్ళమ్మ. కెరటాలు ఇంకా తగ్గలేదు. చుక్కాని దగ్గరి భయ్యా లోపలి కాలువల వెంట, మడ అడవుల చాటున వీలైనంత దూరం నడిపిస్తానన్నాడు. అక్కడ నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. చెట్ల వేళ్ళు బురదలోంచి పైకి లేచి ఉన్నాయి. ఆ నిశ్శబ్దం కంటే కెరటాలే నయమనిపించింది నాకు.

దారి పొడుగునా ట్యూటర్ సిస్టర్ నన్ను ప్రశ్నలు అడుగుతూనే ఉంది. "ఇంకో డోసు ఇచ్చేముందు ఏం చూస్తావు?" మోకాలు కొడితే కాలు ఎగరాలి. "ఇంకా?" ఊపిరి తగ్గకూడదు. "ఇంకా?" మూత్రం వస్తుండాలి. "ఏది లేకపోయినా?" ఇవ్వకూడదు. ప్రతి డోసుకీ అవే ప్రశ్నలు, అవే జవాబులు. క్లాసులో ఈ ప్రశ్నలకి నాకు చిరాకేసింది. బోటులో ఆవిడ అడగడం ఆపితే భయమేసేది.

బిడ్డ గుండె వినడానికి చెక్కగొట్టం పొట్ట మీద ఆనించి చెవి పెట్టాను. ఇంజన్ మోత తప్ప ఏమీ వినబడలేదు. చోటు మార్చి పెట్టాను. మళ్ళీ మార్చాను. వాళ్ళమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

"ఏటమ్మా, గుండె కొట్టుకుంటన్నాదా?"

"ఇంజన్ మోతమ్మా, వినబడ్డం లేదు" అన్నాను. అది అబద్ధం కాదు. నిజమో కాదో కూడా నాకు తెలీదు. చుక్కాని భయ్యాని ఒక్క నిమిషం ఇంజన్ ఆపమని అడిగితే తెలిసేది. నేను అడగలేదు. ట్యూటర్ సిస్టరూ అడగలేదు.

పోర్ట్ బ్లెయిర్ దగ్గరపడి హోప్ టౌన్ వెనక కొండ కనిపించేసరికి చిన్న సిస్టర్‌కి కాస్త తెలివొచ్చింది. నేను బీపీ చూస్తున్నాను. పట్టీ బిగిసినప్పుడు కళ్ళు తెరిచింది. ఎప్పుడూ నన్ను దీదీ అనేది. ఆ పూట అప్పా అంది. అక్కని వాళ్ళ వైపు అలాగే పిలుస్తారు.

"ఎంతున్నాదప్పా?"

ముల్లు ఎక్కడుందో అక్కడే ఉంది, చెప్పదగ్గ చోటులో లేదు.

"ఇరవై తీసీసినావా?"

ఆ మిషన్ బాగైందని ఆమెకి తెలుసు. నిన్న ఆ మంచం మీదే పడుకుని విన్నది. తెలిసే అడుగుతోంది. నన్ను బతిమాలుతోంది.

"తీసేశాను" అన్నాను.

"ఐతే పర్లేదు" అని కళ్ళు మూసుకుంది.

బిడ్డ ఏడవలేదు. ఆడపిల్లే, వాళ్ళమ్మ చెప్పినట్టే. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో బట్టలో చుట్టి ఆవిడ చేతుల్లో పెట్టారు. ఆవిడ ఏడుపు మానేసి పిల్ల ముఖం మీది జుట్టు సర్దింది. "గుంట ఎంత బావుందో సూడమ్మా" అని నాకు చూపించింది. నేను చూశాను. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. చిన్న సిస్టర్ మాత్రం దక్కింది. కొన్నాళ్ళు కళ్ళకి అన్నీ మసకగా కనిపించేవి, తర్వాత అదీ తగ్గింది. మెట్టెలు కోసి తీయాల్సి వచ్చింది.

నేను మాయాబందర్ తిరిగొచ్చేసరికి ట్యూటర్ సిస్టర్ చెప్పిన పని మా వాళ్ళు అప్పటికే మొదలుపెట్టారు. మిషన్ బాగై వచ్చిననాటి నుంచి మేం బీపీ బాగుందని ఇంటికి పంపిన గర్భిణులందరినీ వెతికి మళ్ళీ చూడాలి. జీపు వెళ్ళిన చోటికి జీపులో, వెళ్ళనిచోటికి డోంగీ పడవలో. ప్రతి గుమ్మంలోనూ లోపలి నుంచి మనిషి బయటికొచ్చేదాకా పేరు పెట్టి పిలుస్తూనే ఉండేదాన్ని. ఇద్దర్ని ఆసుపత్రికి తీసుకొచ్చాం. వాళ్ళు బిడ్డలతో ఇళ్ళకి వెళ్ళారు. మాకు దొరికిన క్షమాపణ అంతే.

ఏడాది తిరిగాక మళ్ళీ క్లాసు పెట్టారు. అదే ట్యూటర్ సిస్టర్, అదే వార్డు చివర. చిన్న సిస్టర్ అప్పటికి డ్యూటీలో చేరింది. ఇప్పుడు వేషాలు వేయడం లేదు, మేమూ అడగడం లేదు. పేషెంటుగా ఎవరైనా పడుకోండి అంది ట్యూటర్ సిస్టర్, మాలో ఎవరితోనూ కళ్ళు కలపకుండా. అందరం బల్లలకి అతుక్కుని కూర్చున్నాం. ఆ మంచం మీదికి ఎవరు వెళ్తారు?

చిన్న సిస్టర్ లేచింది. చెప్పులు విప్పి, మంచం ఎక్కి, దిండు సర్దుకుని, చెయ్యి చాపింది. "దీదీ, నువ్వే రా" అంది.

వెళ్ళాను. ముందు డయల్‌ని ఆమెకి చూపించాను, ముల్లు సున్నా మీద ఉంది. పట్టీ చుట్టాను. బుడ్డి నొక్కి, గాలి వదిలి, చప్పుడు మొదలైనచోటా ఆగినచోటా చూసుకున్నాను.

"ఎంతున్నాదప్పా?"

"నూట పద్దెనిమిది, డెబ్భై ఆరు."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఏటీ తీసీనేదు గదా?"

"లేదమ్మా. ఏమీ తీయలేదు" అన్నాను.